జోజయ్య అంకుల్ బొటనవేలికి ఆసరా

జోజయ్య అంకుల్ చేతుల్లోంచి నేను తొమ్మిది ఆదివారాలు లాగేసుకున్నాను. ఈ మాట నన్ను ఎవరూ అనలేదు, అనరు కూడా. పైగా థాంక్స్ చెప్పారు. అందుకే నా నిర్వాకం నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నా పేరు భానుప్రసాద్. మాది తెనాలి. మెల్‌బోర్న్ వచ్చి పదహారేళ్లయింది, టార్నీట్‌లో ఇల్లు కట్టుకుని ఏడేళ్లు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరు ఏం కొనాలన్నా ముందు నన్ను అడుగుతారు. కారు, టీవీ, సోలార్ ప్యానెళ్లు, ఆఖరికి ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ కూడా. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "ఏది బెస్ట్?" అని పెడితే, కింద పదిమంది "భాను అన్నని అడుగు" అని రాస్తారు. నేను కంప్యూటర్‌లో గళ్లు గీసి, ఒక్కోదానికీ మార్కులు వేసి, మూడు వారాలు నలిపి నలిపి అప్పుడు తీర్పు చెప్తాను. నన్ను అడక్కుండా ఎవరైనా ఏదైనా కొన్నారని తెలిస్తే ఒళ్లు మండిపోతుంది. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని అందరూ అంటారు. మా ఆవిడ వైశాలి అయితే "మీకు ఒళ్లంతా ముక్కే" అంటుంది.

జోజయ్య అంకుల్ వాళ్లది మా వెనక వీధి. డెబ్బై రెండేళ్ల మనిషి. సొంతూరు రేపల్లె దగ్గర. భార్య అమృతం ఆంటీ నర్సు, ఆమె ఉద్యోగం మీదే పాతికేళ్ల క్రితం కుటుంబమంతా ఇక్కడికి వచ్చింది. అంకుల్ ఒక పార్సిల్ గోడౌన్‌లో పద్దెనిమిదేళ్లు పెట్టెలు ఎత్తి దించి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, షీనా. పెళ్లయి సిడ్నీలో క్వేకర్స్ హిల్‌లో ఉంటుంది. అంకుల్ డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆ పిల్ల ఒక సెకండ్‌హ్యాండ్ డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా కొనిచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆయన దగ్గర అలాంటిదే ఫిల్మ్ కెమెరా ఒకటి ఉండేదట. ఆ రకం కెమెరాలో చూస్తే మనిషి మధ్యలో రెండుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు నొక్కాలి.

అంత ఖరీదైన కెమెరాకీ ఉన్నది ఒకటే పని. ఆదివారం పొద్దున పూజకి గుడికి, అంటే చర్చికి, వెళ్లేముందు అమృతం ఆంటీ మంచి చీర కట్టుకుని ఇంటి ముందు లెటర్‌బాక్సు పక్కన నిలబడతారు. అంకుల్ ఒక్క ఫొటో తీస్తారు. ఒక్కటే. కళ్లు మూసుకున్నా, కొంగు ఎగిరి మొహాన పడినా అదే ఖాయం. పెళ్లయిన మొదటివారం ఫిల్మ్ దండగ అని ఒక్కటే తీశారట, అది అలవాటై కూర్చుంది. తీసినవి వెంటనే చూసుకోవడం కూడా ఉండదు. క్రిస్మస్ ముందు ఆ ఏడాది ఆదివారాలన్నీ ప్రింట్లు వేయించి ఆల్బమ్‌లో అంటిస్తారు, అప్పుడు ఇద్దరూ కూర్చుని చూస్తారు. ముందే చూస్తే పండక్కి ఏం మిగుల్తుంది అని ఆంటీ అనేవారు. ఆల్బమ్‌లు మా ఇంట్లో అందరం చూశాం. మొదటి వాటిలో ఆమె వెనక మట్టి రోడ్డు, సైకిళ్లు ఉంటాయి. ఇప్పటివాటిలో మా టార్నీట్ కాంక్రీటు ఫుట్‌పాత్, ఎదురింటివాళ్ల చెత్త బిన్‌లు ఉంటాయి. ఆమె నిలబడే తీరు మాత్రం అదే, చేతులు రెండూ ముందు కట్టుకుని, ఫొటో త్వరగా కానివ్వండి అన్నట్టు.

నిరుడు చలికాలం నుంచి అంకుల్ కుడిచేతి బొటనవేలు మొదట్లో కీలు అరిగిపోయింది. పెట్టెలు ఎత్తిన చేయి కదా. డాక్టరు బిళ్లలిచ్చి, బరువులు పట్టుకోవద్దన్నాడు. ఈ కెమెరా చూస్తే మొత్తం లోహం, సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది, వెనక వేలు ఆనించడానికి ఏమీ ఉండదు. బొటనవేలు గట్టిగా అదిమి పట్టకపోతే జారుతుంది. ఆ అదమడమే ఆయనకి ప్రాణం పోయినంత పని.

దానికి ఒక విరుగుడు ఉంది. కెమెరా నెత్తిమీద ఫ్లాష్ తగిలించే గాడి ఉంటుంది కదా, అందులో దూర్చే చిన్న ముక్క. వెనక్కి తోకలా వంగి ఉంటుంది. బొటనవేలు దానికి ఊరికే ఆనిస్తే చాలు, కెమెరా చేతిలో కుదురుగా కూర్చుంటుంది. థంబ్ గ్రిప్ అంటారు. అంకుల్ నోట్లో అది బొటనవేలి ఆసరా.

మార్చి మొదటి శనివారం వాళ్లింట్లో వైఫై పనిచేయడం లేదంటే వెళ్లాను. టేబుల్ మీద కెమెరా ఉంది, దాని నెత్తిన నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంది. చూడగానే నాకు కోపం నెత్తికెక్కింది.

"ఇదెక్కడిది అంకుల్?"

"మా అమృతం తెప్పించింది నాయనా," అన్నారు అంకుల్, ముచ్చటగా. "పొద్దున్నే వచ్చింది. పట్టుకు చూశా. పర్లేదు, బాగానే ఉంది."

ఆంటీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నేనే ఫోన్‌లో ఆర్డరు పెట్టా భానూ. ఎవర్నీ అడగలా. షీనాని కూడా అడగలా. కార్డు నంబరు కొట్టడానికి గంట పట్టింది, తెలుసా?"

ఆమె మొహంలో ఆ సంబరం నాకు కనపడింది. కనపడకపోవడమేంటి, ఎదురుగానే ఉన్నారు. అయినా నోరు ఊరుకుంటేనా?

"అడగాల్సింది ఆంటీ. ఒక్కసారి నన్నడిగితే మీ సొమ్మేం పోద్ది? చూడండి, ఎలా ఆడుతోందో. ఇది ఎవరో ఇంట్లో కూర్చుని త్రీడీ ప్రింటర్‌లో పోసిన సరుకు. ఓ రోజు ఊడొచ్చిందంటే కెమెరా నేల మీదుంటది. అంత కెమెరాకి ఈ బొమ్మ ముక్కా?"

"తెలీలేదు నాయనా," అన్నారు ఆంటీ. ఆమె చిన్నబుచ్చుకున్నారు. నాకు అర్థమైంది, అయినా సర్దుకోలేదు.

"రేపటికి ఇది ఉండనీ భానూ," అన్నారు అంకుల్. "ఆదివారం కదా."

"రేపే ఊడితే? రెండు వారాలు ఆగండి అంకుల్. మీ చేతికి కొలత తీసి మరీ తెప్పిస్తా. నా మాట వినండి."

విన్నారు. ఆ మాటే నన్ను ఇప్పుడు తినేస్తోంది. ఆ ప్లాస్టిక్ ముక్క వదులుగా ఉన్న మాట నిజమే. ఒక కాగితం మడిచి గాడిలో దూర్చి ఉంటే బిగిసిపోయేది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా దాన్ని పెట్టెలో పెట్టి, టేపు వేసి, సోమవారం నా చేత్తోనే పోస్టాఫీసులో వాపసు పంపించి వచ్చాను. ఆంటీ గుమ్మం దాకా వచ్చి "నీకు శ్రమ ఇచ్చా నాయనా" అన్నారు కూడా.

ఇక మొదలైంది నా యాగీ. అంకుల్‌ని కూర్చోబెట్టి బొటనవేలు పొడవు, లావు కొలిచాను. పిల్లలు ఆడుకునే మైనం ముద్ద చేతిలో పెట్టి కెమెరా పట్టుకున్నట్టు పట్టమని, ఆ అచ్చు తీసుకున్నాను. ఆయన చిన్నపిల్లాడిలా చెప్పినట్టల్లా చేశారు. ఇంటికొచ్చి ఇరవై మూడు రకాలు వరసగా రాసుకున్నాను. అల్యూమినియం తేలిక, కానీ చలికాలం చల్లగా తగులుతుంది. ఇత్తడి బరువు, కానీ వేలికి నిబ్బరం. మడత పడేవి సంచిలో పెట్టుకోవడానికి బాగుంటాయి, కానీ వాటి సీల పట్టు ఎన్నాళ్లుంటుందో తెలియదు. కొన్నిటి తోక పొట్టి, కొన్నిటిది మరీ పొడవు. కళ్లజోడు ఉన్నవాళ్లకి కొన్ని అద్దానికి తగులుతాయి. ఒక్కోదాని గురించి ఇద్దరు ముగ్గురు వీడియోలు చేసి పెట్టారు, అన్నీ చూశాను. ఏమాటకామాటే చెప్పాలి, నాకు మహా సరదాగా ఉంది. ఆఫీసులో మీటింగుల మధ్య కూడా అదే పని. అంకుల్ వేలి నొప్పి ఎప్పుడో వెనక్కి పోయి, నా లెక్క ఎంత పక్కాగా ఉంది అన్నదే ముందుకొచ్చింది.

మొదటిది మార్చి మూడోవారంలో వచ్చింది. వాళ్లింటికి తీసుకెళ్లి తగిలిస్తే షట్టర్ వేగం మార్చే చక్రానికి వెంట్రుకవాసి రాసుకుంటోంది. చక్రం తిరుగుతోంది, కాస్త బిగువుగా, అంతే.

"నేనసలు ఆ చక్రం ముట్టుకోను నాయనా," అన్నారు అంకుల్. "అది ఆటోలోనే ఉంటది. ఇది ఉంచేద్దామా?"

"వద్దంకుల్. ఇంత చూసి, తప్పుది పెట్టుకోవడమేంటి?" అని లాగేశాను. ఆయన బొటనవేలు ఆ తోక మీద ఇంకా ఆనే ఉంది. వేలు తీసేదాకా కూడా నేను ఆగలేదు.

రెండోది ఏప్రిల్ మొదట్లో వచ్చింది. దానికి రంగు నిగనిగలాడుతోంది, కెమెరాది మాసిన నలుపు. రెండూ పక్కపక్కన అతకలేదని అంకుల్‌కి చూపించకుండానే వెనక్కి పంపాను. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది, రంగు అతకలేదని పంపాను. మూడోది జపాన్‌లో ఒకాయన ఒక్కడే కూర్చుని చేస్తాడు. ఇత్తడి, చేత్తో సానపట్టి మాసిన నలుపు పూసింది. చేసినవన్నీ అయిపోయాయి, మళ్లీ ఏప్రిల్ మధ్యలో పెడతానని రాశాడు. ఇదీ అసలైంది అనుకుని పేరు రాయించుకుని కూర్చున్నాను.

మధ్యలో ఒకసారి స్టేషన్ దగ్గర అంకుల్ కనబడి "ఏమన్నా తేలిందా భానూ?" అన్నారు. జపాన్ సంగతి చెప్పాను. "అట్టాగా, అంత దూరం నుంచా! సర్లే, తొందరేం లేదు," అన్నారు. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

తొందరేం లేదట. నేనూ గుంటూరు జిల్లావాడినే. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అంటే ఇంకో గరిటె వేయాలని నాకు తెలియదా? మొహమాటంతో కళ్ల ముందు మనిషి నలిగిపోతుంటే గుర్తుపట్టలేని పరాయిదేశం వాడినా నేను? కానీ ఆ పూట ఆ మాటకి నా చెవులు ఏది కావాలో అదే విన్నాయి. తొందర లేదన్నారు కాబట్టి తొందర లేదు.

"ఈలోపు ఆ స్టాండు మీద పెట్టుకుని తీసుకోవచ్చుగా, మూడు కాళ్లది. మనింట్లో ఊరికే పడుంది," అంది వైశాలి ఒకరోజు.

నేను నవ్వాను. "రేంజ్‌ఫైండర్ అంటే చేత్తో పట్టుకుని తీసేది. దానికి స్టాండేంటి? పెళ్లికొడుక్కి చేతికర్ర ఇచ్చినట్టు."

"పెళ్లికొడుక్కి డెబ్బై రెండేళ్లు," అంది వైశాలి. "మీకు ఏదో ఒకటి నచ్చే లోపల..." అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం పొద్దున వైశాలి పాలకి వెళ్లి వస్తూ చూసిందట. ఆంటీ ఆకుపచ్చ చీర కట్టుకుని లెటర్‌బాక్సు దగ్గర నిలబడి ఉన్నారట, అంకుల్ కెమెరా కళ్లకి పెట్టుకుని ఉన్నారట. ఆ మాట చెప్పగానే నాకు భుజాల మీది బరువు దిగినట్టయింది. "చూశావా? ఎలాగోలా తీసుకుంటూనే ఉన్నారు. నువ్వే కంగారు పెట్టేస్తావు," అన్నాను. వైశాలి కూడా అవునేమో అనుకుంది.

ఏప్రిల్ ముప్ఫై, బుధవారం. పదకొండు గంటలప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆంటీ కుప్పకూలిపోయారు. అంకుల్ టీవీ చూస్తున్నారు, పది నిమిషాల దాకా తెలియలేదు. అంబులెన్స్ వాళ్లు చేయగలిగిందంతా చేశారు. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి అంకుల్ పెరటి మెట్టు మీద కూర్చుని, బుట్టలో మిగిలిన తడిబట్టలు ఒక్కొక్కటే మడత పెడుతున్నారు. "అంకుల్" అన్నాను. "తడి ఆరలేదు నాయనా" అన్నారు.

ఆ మర్నాడు, గురువారం, జపాన్ నుంచి పెట్టె వచ్చింది. బల్ల సొరుగులో పడేసి తాళం వేశాను. సమాధుల తోటలో మట్టి వేస్తున్నప్పుడు కూడా ఆ పెట్టె గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

షీనా సెలవు పెట్టి నాన్న దగ్గరే ఉండిపోయింది. నెల రోజులకి ఆంటీ పేరు మీద గుడిలో పూజ పెట్టించారు, దానికి వారం ముందు షీనా మా ఇంటికి వచ్చింది. చేతిలో చిన్న కవరు ఉంది, అందులో కెమెరా మెమరీ కార్డు.

"భాను అన్నా, మీరే ఏదైనా చెయ్యాలి. పూజకి వచ్చినవాళ్లకి చూపించడానికి ఈ ఇయర్ ఆల్బమ్ రెడీ చేద్దామని కూర్చున్నా. ఫిబ్రవరి ట్వెంటీ థర్డ్ దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటి కూడా లేదు. కార్డు కరప్ట్ అయింది అనుకుంటా."

"నాన్నగారేమన్నారు?"

"ఉన్నాయి కదమ్మా, సరిగా చూడు అంటున్నారు. ఆయన తీశారన్నా! అమ్మ ప్రతి సండే ఫోన్‌లో చెప్పేది. మీ నాన్న ఫొటో తీశాడు, ఈరోజు నీలం చీర, ఈరోజు నువ్విచ్చిన చీర అని. ఈస్టర్‌కి తెల్లచీర కట్టుకుంది. నైన్ వీక్స్ అన్నా. అమ్మ లాస్ట్ నైన్ వీక్స్." కవరు నా చేతిలో పెట్టింది. "మీకే తెలుసు ఇలాంటివి. ప్లీజ్."

రెండు సాయంత్రాలు కూర్చున్నాను. చెరిపేసిన ఫొటోలని కూడా బయటికి లాగే సాఫ్ట్‌వేర్లు నా దగ్గర ఉన్నాయి. మూడింటితో వెతికాను. కార్డు నిక్షేపంలా ఉంది. చెరిపేసిన గుర్తు ఒక్కటీ లేదు. చివరి ఫొటో ఫిబ్రవరి ఇరవై మూడుది, దాని నంబరు నూట పద్దెనిమిది. ఆంటీ కుంకుమరంగు చీరలో ఉన్నారు. ఫొటో ఒక పక్కకి కొద్దిగా ఒరిగి ఉంది, చేయి వణికినట్టు.

కార్డు జేబులో వేసుకుని, సొరుగు తాళం తీసి ఆ పెట్టె కూడా తీసుకుని, శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. షీనా పూల కోసం బయటికి వెళ్లింది. అంకుల్ ఒక్కరే ఉన్నారు. కార్డు కెమెరాలో పెట్టి, "ఒక్కటి తీసి చూస్తానంకుల్" అని కిటికీ వైపు తిప్పి నొక్కాను. ఫొటోలు పోయినా కెమెరా లెక్క మరిచిపోదు, మధ్యలో తీసి పోయినవి ఉంటే నంబరు నూట ఇరవై ఏడు దాటాలి.

"నూట పంతొమ్మిదేగా?" అన్నారు అంకుల్, నేను తెర చూడకముందే.

నూట పంతొమ్మిదే.

"తీయలేదు నాయనా," అన్నారు. నేలచూపులు చూస్తున్నారు. "నువ్వు ఆ ముక్క తీసేశాక మొదటి ఆదివారం పట్టుకున్నా. ఒంటిచేత్తో కుదర్లా, జారిపోయింది. మెళ్లో పట్టీ ఉంది కాబట్టి సరిపోయింది. అమృతం హడలిపోయింది. నా వల్ల కావట్లేదే అని దానికి చెప్పలేక, అప్పటికే తీసేశాలే అన్నా. తర్వాత వారం మళ్లీ చీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఏం చెయ్యను? రెండు అరచేతుల మధ్యా అదిమి పట్టి కంటికి పెట్టుకున్నా. పట్టుకోడానికే రెండు చేతులూ చాలటంలా, నొక్కడానికి వేలెక్కడిది? 'ఊ, అయింది, పద' అన్నా. అది నమ్మింది."

"ప్రతి వారం?"

"ప్రతి వారం. నువ్వు తెస్తావుగా, రెండు వారాలేగా అని. తర్వాత ఇంకో రెండు వారాలేగా అని." ఆయన కుడిచేతిని ఎడంచేత్తో నిమురుకున్నారు. "ఈస్టర్ రోజు రింగు తిప్పకుండానే రెండు బొమ్మలూ వాటికవే ఒకటయ్యాయి భానూ. అంత చక్కగా ఎప్పుడూ కుదర్లా. ఎండ మొహం మీద పడతంది. తెల్లచీర. చూస్తా నిలబడ్డా. ఎంతసేపండీ అని అరిచింది. అయిపోయిందే అన్నా."

"నాకు ఒక్క మాట చెప్పలేకపోయారా అంకుల్?" అన్నాను. నా గొంతు లేచింది. ఎవరి మీద అరుస్తున్నానో కూడా తెలియలేదు. "ఒక్క ఫోన్ చేస్తే ఏదో ఒకటి పడేసి పోయేవాడినిగా!"

"నువ్వు అంత కష్టపడతన్నావు నాయనా. తొందరపెట్టినట్టు ఉంటదని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయనే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చారు. గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకొచ్చారు. తాగాక, "అది వచ్చిందా?" అని అడిగారు.

పెట్టె తీసి ఇచ్చాను. ఆయన దాన్ని గాడిలోకి తోశారు. ఇటూ అటూ కదలకుండా బిగిసి కూర్చుంది. రంగు అతికింది. చక్రానికి తగల్లేదు. బొటనవేలు ఆనించి ఒక్క చేత్తో కెమెరా పైకెత్తారు. చేయి వణకలేదు.

"అబ్బ, ఎంత హాయిగా ఉంది," అన్నారు. "నువ్వన్నది నిజమే భానూ. ఆ ప్లాస్టిక్‌ది ఇట్టా లేదు."

చెప్పు తీసుకుని కొట్టినా నాకు అంత తగిలేది కాదు. నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నారు. ఆ కెమెరాతో ఆయనకి ఇక తీయడానికి ఏముంది? అది తెలిసి కూడా, నేను నొచ్చుకోకూడదని, పనిమాలా మెచ్చుకున్నారు.

"షీనాకి నేను చెప్తానంకుల్. తప్పు నాది. అంతా చెప్పేస్తాను."

"వద్దు." ఆయన గొంతు గట్టిగా వినడం నాకు అదే మొదటిసారి. "చెప్పి ఏం చేస్తావు? వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో నేను దాన్ని మోసం చేశానని పిల్లకి తెలవాలా? నీ మీద కోపం పెట్టుకుంటది. రేపది సిడ్నీ వెళ్లిపోద్ది, ఇక్కడ నాకు మీరున్నారనే ధైర్యంతోనే వెళ్తంది. కార్డు పాడైపోయిందని చెప్పు. నేను చెబితే నమ్మదు. నువ్వు చెబితే నమ్ముద్ది. నీ మాట అందరూ నమ్ముతారు."

వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. అంకుల్ కెమెరాలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టి, గుప్పిట మూశారు.

షీనా పూలు లోపల పెట్టి, నేను బయల్దేరుతుంటే నా వెంట వాకిట్లోకి వచ్చింది. నా మొహం చూసి ముందే భయపడిపోయింది. "ఏమైందన్నా?"

"కార్డు పాడైపోయిందమ్మా," అన్నాను. "మూడు రకాలుగా చూశాను. ఏమీ రాలేదు."

ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇంకెవరికైనా చూపిద్దామని కూడా అనలేదు. నేను చెప్పాను కాబట్టి అంతే. కాసేపు లెటర్‌బాక్సు మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"థాంక్స్ అన్నా. మీరింత చేశారు. మీలాంటివాళ్లు దగ్గర్లో లేకపోతే నాన్నని ఇక్కడ వదిలి వెళ్లగలిగేదాన్నే కాదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకుందామనుకున్నాను. తను వదల్లేదు.

"ఒక్కటన్నా," అంది ఇంటి వైపు చూస్తూ, గొంతు తగ్గించి. "నాన్నకి మాత్రం ఈ విషయం చెప్పొద్దు. ఇంకా ట్రై చేస్తున్నారని నేను చెప్తాను. అవి పోయాయని తెలిస్తే ఆయన తట్టుకోలేరు. తొమ్మిది ఫొటోలు, ఆ నొప్పి చేత్తో తీసినవి."

"చెప్పనమ్మా," అన్నాను.